పాత కిట్ కారుకు కొత్త షాకప్‌లు వేశాక ముక్కు లేచింది, గతుకు మీద స్టీరింగ్ లాగుతోంది

పాతచక్రం
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదువుకోవడమే కానీ రాయలేదు. ఇప్పుడు మీ సాయం కావాలి.

నా దగ్గర ఒక పాత కిట్ కారు ఉంది. ఫైబర్ బాడీ, చదరపు పైపులు వెల్డింగ్ చేసి కట్టిన ఛాసిస్. ముందు భాగం మొత్తం ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారుది: విష్‌బోన్లు (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేతులు), అప్‌రైట్లు (చక్రాన్ని మోసే నిలువు ముక్కలు), డిస్కులు, స్టీరింగ్ రాక్ (స్టీరింగ్ తిప్పితే అటూ ఇటూ జరిగే కడ్డీ) అన్నీ. ఇంజిన్ కూడా దానిదే, 1296 సీసీ. ఎవరో ఎప్పుడో తన షెడ్డులో ఓపిగ్గా కట్టుకున్న బండి. నా చేతికి వచ్చేసరికి ముందు షాకప్‌ల నుంచి నూనె కారుతోంది, బుష్‌లు (విష్‌బోన్ల కీళ్లలో ఉండే మెత్తటి గొట్టాలు) వేలితో గీకితే పొడిగా రాలుతున్నాయి.

అందుకని ఎత్తు సర్దుకునే కాయిలోవర్లు (చుట్టూ స్ప్రింగు ఉండే షాకప్‌లు) ఒక జత, పై విష్‌బోన్లకు పాలీ (గట్టి ప్లాస్టిక్) బుష్‌లు, కింది వాటికి రబ్బరు బుష్‌లు, కొత్త పై బాల్ జాయింట్లు తెప్పించాను. రెండు ఆదివారాలు కూర్చుని బిగించాను. ఇప్పుడు చూస్తే మూడు తేడాలు.

ముందుగా, ముక్కు లేచింది. విప్పే ముందు మడ్‌గార్డు అంచు ఎత్తు గోడ మీద పెన్సిల్‌తో గీసి పెట్టుకున్నా. ఇప్పుడు ఆ గీత కంటే 45 మి.మీ. పైన ఉంది. స్ప్రింగు కింద ఉండే రింగును అడుగుదాకా తిప్పేశాను, ఇంకా దిగదు. తర్వాత, చిన్న గతుకు తగిలినా బండి దానంతట అదే పక్కకు లాగుతోంది. స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాల్సి వస్తోంది. ఇక నడక సంగతి చెప్పనే అక్కర్లేదు, ఎద్దుబండి నయం అనిపిస్తోంది.

పార్టులు తప్పా, నేను బిగించడం తప్పా అర్థం కావట్లేదు. టెన్షన్‌గా ఉంది.

గ్రీజుచేతులు
శనివారం, రాత్రి 10:25

తమ్ముడూ, కంగారు పడకు. పాత కొలత గోడ మీద గీసి పెట్టుకున్నావు చూడు, సగం పని అక్కడే అయింది. చాలామంది అన్నీ విప్పేశాక పాత ఎత్తు ఎంత అని అడుగుతారు.

ఒక్క మాట చెప్పు. కింది విష్‌బోన్ల రబ్బరు బుష్‌ల బోల్టులు ఎప్పుడు బిగించావు? బండి స్టాండ్ల మీద ఉండి, చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడేనా?

పాతచక్రం
శనివారం, రాత్రి 10:31

అవునన్నా. స్టాండ్ల మీద ఉండగానే అన్నీ ఫుల్‌గా బిగించేశాను. చెయ్యి బాగా పడుతుందని.

గ్రీజుచేతులు
శనివారం, రాత్రి 10:58

అదే మొదటి తప్పు. రబ్బరు బుష్‌లో లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒకటి, మధ్యలో రెండింటికీ అంటుకుపోయిన రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలదు. విష్‌బోన్ ఊగిన ప్రతిసారీ రబ్బరే మెలి తిరగాలి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరుకు అదే సహజ స్థితి. బండిని నేల మీద దించగానే అది రోజంతా మెలితిరిగే ఉంటుంది. ముక్కును కొంచెం పైకి తోస్తుంది, కొన్నాళ్లకు చిరిగిపోతుంది.

ఆ బోల్టులు వదులు చెయ్యి. బండి నేల మీద, దాని బరువు దాని మీద ఉండగా, సీట్లో మనిషి బరువు పెట్టి అప్పుడు బిగించు. పాలీ బుష్‌లకు ఈ గొడవ లేదు, వాటిలో లోపలి గొట్టం తిరుగుతుంది. కానీ వాటితో వచ్చిన గ్రీజు పూశావా? పొడిగా వేస్తే కీచుమంటాయి.

అయితే 45 మి.మీ. మొత్తం బుష్‌ల వల్లే అంటే నేను నమ్మను. స్ప్రింగు మీద ఏమైనా నంబరు ఉందా?

పాతచక్రం
శనివారం, రాత్రి 11:10

పాలీ బుష్‌లకు గ్రీజు పూశాను. స్ప్రింగు మీద 9-300 అని ఉంది.

తూకంరాయి
ఆదివారం, ఉదయం 7:15

ఆ నంబరులోనే సమాధానం ఉందండీ. 9 అంటే స్ప్రింగు వదులుగా ఉన్నప్పుడు పొడవు, అంగుళాల్లో. 300 అంటే ఒక అంగుళం నొక్కడానికి 300 పౌండ్లు కావాలని. ఫైబర్ బాడీ బండికి అది బాగా గట్టి స్ప్రింగు. అమ్మినవాళ్లు మీ బండి బరువు అడిగారా? అడిగి ఉండరు.

ఊహలు వద్దు, రెండు కొలతలు తెచ్చి పెట్టండి.

మొదటిది ముందు చక్రాల మీద బరువు. ఇంట్లో మనుషులు ఎక్కే తూకం మిషన్లు రెండు తీసుకుని, వాటి మీద గట్టి చెక్క పలక అడ్డంగా వేసి, చక్రం ఆ పలక మధ్యలో ఎక్కించండి. రెండు అంకెలూ కలిపి, పలక బరువు తీసేస్తే చక్రం మీద బరువు వస్తుంది. మిగతా మూడు చక్రాల కింద కూడా అంతే ఎత్తు చెక్కలు పెట్టాలి, లేకపోతే బరువు ఒక మూలకు ఒరిగి లెక్క తప్పుతుంది. మీ సీట్లో మీ అంత బరువు పెట్టండి.

రెండోది: స్ప్రింగు తీసేసి షాకప్ ఒక్కటే పెట్టి, చక్రాన్ని జాకీతో సరిగ్గా 25 మి.మీ. పైకి లేపండి. షాకప్ ఎంత కురచయ్యిందో కొలవండి. షాకప్ ఒరిగి ఉంటుంది, విష్‌బోన్ మధ్యలో ఎక్కడో తగులుకుని ఉంటుంది కాబట్టి అది 25 ఉండదు.

నాలుగోగేరు
ఆదివారం, ఉదయం 9:02

అన్నలూ, నాకో డౌటు. రింగు కిందికి తిప్పితే స్ప్రింగు మెత్తబడదా? నేను కూడా నా బండికి ఇలాంటివే వేద్దామనుకుంటున్నా. నడక గట్టిగా ఉంటే రింగు కొంచెం దించుకోవచ్చు అని అమ్మేవాళ్లు చెప్పారు.

తూకంరాయి
ఆదివారం, ఉదయం 9:20

మెత్తబడదు బాబూ. ఇది చాలామందికి ఉండే అపోహ. స్ప్రింగు గట్టితనం దాని తీగ మందం, చుట్ల సంఖ్య, చుట్టు వెడల్పు బట్టి ఉంటుంది. రింగు తిప్పితే స్ప్రింగు కూర్చునే పీట మాత్రమే కిందికో పైకో జరుగుతుంది. బండి మొత్తం బరువు మారలేదు కాబట్టి స్ప్రింగు అంతే నొక్కుకుంటుంది. బండి ఎత్తు మారుతుంది, అంతే.

మరమేకు
ఆదివారం, ఉదయం 11:47

స్ప్రింగుల సంగతి పెద్దవాళ్లు చూసుకుంటున్నారు. నేను వేరే విషయం అడుగుతా, దయచేసి దీన్ని పక్కన పెట్టకండి. ట్రన్నియన్లు విప్పి చూశారా?

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. స్పిట్‌ఫైర్ అప్‌రైట్‌కు పైన బాల్ జాయింట్, కింద మాత్రం కంచుతో చేసిన ట్రన్నియన్ ఉంటుంది. అప్‌రైట్ కింది కొసకు మర ఉంటుంది, అది ట్రన్నియన్‌లోకి బోల్టులా దిగుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మర లోపల తిరుగుతుంది. 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్ కారు నుంచీ ఇదే పద్ధతి. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ ముందు భాగంలోనూ ట్రయంఫ్ అప్‌రైట్లే వాడారు. అంటే డిజైన్ చెడ్డదేం కాదు. కానీ దానికి తిండి నూనె, గ్రీజు కాదు. గేర్ బాక్సులో పోసే ఈపీ 90 లాంటి చిక్కటి నూనె. గ్రీజు పెడితే అది కాలం గడిచేకొద్దీ మైనంలా గట్టిపడి, మర అడుగుదాకా కొత్తది పోకుండా అడ్డుపడుతుంది. లోపల నీళ్లు చేరితే ఉక్కు మర తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన చోట ఒకరోజు అప్‌రైట్ పుటుక్కున విరుగుతుంది. చక్రం బండి కిందికి మడుచుకుపోతుంది.

కొత్త షాకప్‌లు, కొత్త బుష్‌లు వేసి ఈ మర చూడకుండా రోడ్డెక్కితే నాకు నిద్ర పట్టదు.

పాతచక్రం
ఆదివారం, సాయంత్రం 6:30

చూడలేదండీ. బయట నుంచి గ్రీజు కనిపిస్తే బాగానే చూసుకున్నారు అనుకున్నా. ఇవాళ బరువులు తూచాను. రేపు, ఎల్లుండి సెలవు పెట్టి ట్రన్నియన్లు విప్పుతా.

ఎడమ ముందు చక్రం 151 కిలోలు, కుడి ముందు 146. చక్రం 25 మి.మీ. లేపితే షాకప్ 15 మి.మీ. కురచయ్యింది. రెండు వైపులా అంతే.

తూకంరాయి
ఆదివారం, రాత్రి 8:05

చక్కగా కొలిచారు. ఇక లెక్క చూడండి.

15 బై 25 అంటే 0.6, చక్రం కదిలిన దానిలో షాకప్ కదిలే వంతు అది. ఒక్కో చక్రం మీద సుమారు 148 కిలోలు. అందులో చక్రం, హబ్, డిస్కు, అప్‌రైట్ బరువు ఓ 25 కిలోలు అనుకుందాం. ఆ బరువు స్ప్రింగు మీద పడదు, నేరుగా టైరు మీదే ఉంటుంది. స్ప్రింగు మోసేది 124 కిలోల దాకా. బలంగా మార్చితే 1216 న్యూటన్లు. షాకప్ దగ్గర దాన్ని 0.6తో భాగించాలి, 2027 వస్తుంది.

300 పౌండ్ల స్ప్రింగు అంటే మి.మీ.కు 52.5 న్యూటన్లు. 2027 బరువుకు 39 మి.మీ. మాత్రమే నొక్కుకుంటుంది. అదే 180 పౌండ్ల స్ప్రింగు అయితే మి.మీ.కు 31.5, అంటే 64 మి.మీ. నొక్కుకుంటుంది. తేడా సుమారు 26 మి.మీ. అది షాకప్ దగ్గర. చక్రం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ 0.6తో భాగించాలి. 43 మి.మీ.! మీ గోడ మీద గీతకూ ఇప్పటి ఎత్తుకూ ఉన్న తేడా దాదాపు అంతే.

నడక కూడా చూద్దాం. చక్రం దగ్గర గట్టితనం కావాలంటే 0.6ను రెండుసార్లు గుణించాలి, అంటే 0.36. 300 పౌండ్ల స్ప్రింగుతో మీ ముందు భాగం సెకనుకు దాదాపు 2 సార్లు ఊగుతుంది. రోడ్డు బండికి 1.5 దగ్గర ఉంటే నడుము బతుకుతుంది. 180తో సరిగ్గా అక్కడికే వస్తుంది.

అదే 9 అంగుళాల పొడవు, అదే లోపలి వెడల్పు, 180 గట్టితనం ఉన్న జత తెప్పించండి. షాకప్‌లు మార్చక్కర్లేదు.

లైనుదారం
ఆదివారం, రాత్రి 9:12

నేను వీల్ అలైన్‌మెంట్ పని చేస్తాను, పక్కకు లాగడం గురించి చెప్తా.

మీ స్టీరింగ్ రాక్ చక్రాల మధ్య గీతకు ముందు ఉంది, స్టీరింగ్ ఆర్మ్‌లు ముందుకు చూస్తుంటాయి. ఇప్పుడు ముక్కు లేచింది కదా, టై రాడ్లు (రాక్‌ను చక్రాలకు కలిపే కడ్డీలు) రాక్ నుంచి బయటికి కిందికి వంగి ఉంటాయి. గతుకు తగిలి చక్రం పైకి లేస్తే ఆ రాడ్డు వంపు తగ్గి సమంగా అవుతుంది. సమంగా అయ్యేకొద్దీ దాని కొస బయటికి జరుగుతుంది, చక్రం ముందు అంచును బయటికి తోస్తుంది. ఒక చక్రం కింద గతుకు వస్తే ఆ ఒక్కటే తిరుగుతుంది. మీ చేతిలో స్టీరింగ్ లాగినట్టు అనిపించేది అదే.

ఎత్తు సరి చేస్తే చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం అనుకోవద్దు. ఫ్యాక్టరీ బండిలో రాక్ ఎక్కడ కూర్చోవాలో ఫ్యాక్టరీ చూసుకుంటుంది. కిట్ కారులో కట్టినాయన చూసుకున్నాడు. రాక్ కింద ఏమైనా పలకలు, వాషర్లు ఉన్నాయేమో చూడండి.

ఇంకో మాట. కింది విష్‌బోన్ బ్రాకెట్లకు, ఛాసిస్‌కు మధ్య పల్చటి షిమ్‌లు ఉంటాయి. ఏ బ్రాకెట్ వెనక ఎన్ని ఉన్నాయో లెక్క తప్పకూడదు. రెండు బ్రాకెట్లకూ సమానంగా పెంచితే చక్రం అడుగు బయటికి జరిగి కాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు) నెగటివ్ వైపు పోతుంది. వెనక బ్రాకెట్‌కు మాత్రమే పెంచితే కింది కొస కొంచెం ముందుకు జరిగి కాస్టర్ (పక్క నుంచి చూస్తే అప్‌రైట్ వెనక్కి వాలడం) పెరుగుతుంది. తీసినప్పుడు ఒక్కో కట్టను తీగతో కట్టి పేరు రాసి పెట్టుకోండి.

పాతచక్రం
మంగళవారం, మధ్యాహ్నం 3:20

మరమేకు గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

ఎడమ ట్రన్నియన్ నుంచి అప్‌రైట్ విప్పితే లోపల గ్రీజు కాదు, నల్లటి మైనం ముద్ద. కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో పట్టుకుని చూశాను. పై నాలుగు చుట్లు మెరుస్తున్నాయి. అక్కడి నుంచి కిందికి మర ఎర్రగా ఉంది. వైరు బ్రష్‌తో తుప్పు తీశాక చిన్న చిన్న గుంటలు బయటపడ్డాయి, చీమ కొరికిన బెల్లంలా. గోరు పెట్టి మర గాడి వెంట లాగితే ఒక చోట తట్టుకుని ఆగుతోంది. పిల్లాడి భూతద్దంతో చూస్తే ఆ చోట సన్నటి గీత. గాడి వెంటే, ఓ అర అంగుళం పొడవు.

నిన్నమొన్నటి దాకా ఈ బండిలో నా భార్యనూ పిల్లాడినీ తిప్పాను. ఆ గీత చూశాక కాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

గ్రీజుచేతులు
మంగళవారం, మధ్యాహ్నం 3:41

తమ్ముడూ, ఆ అప్‌రైట్ ఇక బండికి పెట్టకు. వెల్డింగ్ చేయిస్తానని ఎవరన్నా అన్నా వినకు. కుడిది కూడా మార్చేయి, అది ఎంత బాగున్నట్టు కనిపించినా సరే, రెండూ ఒకే గ్రీజు తిన్నాయి. కొత్తవి వచ్చేదాకా బండి స్టాండ్ల మీదే ఉండనీ.

నాలుగోగేరు
మంగళవారం, సాయంత్రం 5:05

ట్రన్నియన్ బదులు కింద కూడా బాల్ జాయింట్ వేసే కిట్లు దొరుకుతున్నాయి కదా అన్నా? అవి వేసేస్తే ఈ నూనె గొడవే ఉండదు కదా.

మరమేకు
మంగళవారం, సాయంత్రం 5:50

దొరుకుతాయి, మంచివీ ఉన్నాయి. కానీ కింది జాయింట్ మధ్య బిందువు కాస్త అటూ ఇటూ జరిగినా టై రాడ్డుతో దాని పొత్తు మారిపోతుంది. ఆయన ఇప్పటికే ఆ లెక్కతోనే తంటాలు పడుతున్నారు. నన్నడిగితే కొత్త అప్‌రైట్లు, కొత్త ట్రన్నియన్లు, నూనె. అంతే. వాటిని శ్రద్ధగా చూసుకుంటే ఏళ్ల తరబడి పనిచేస్తాయి.

పాతచక్రం గారూ, బిగించేటప్పుడు ఇవి మరిచిపోవద్దు. ఎడమ వైపు అప్‌రైట్‌కు ఎడమ మర, కుడి వైపుదానికి కుడి మర. తారుమారు చేసి బలవంతంగా తిప్పితే కంచు పాడవుతుంది. చేత్తో అడుగు తగిలేదాకా తిప్పి, తర్వాత ఒక చుట్టులోపు వెనక్కి తిప్పి సరైన దిశకు తేవాలి. అడుగు తగిలించి వదిలేస్తే స్టీరింగ్ పూర్తిగా ఒక వైపు తిప్పినప్పుడు మర పట్టేసి అప్‌రైట్ మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది. బిగించాక స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి, ఎక్కడా పట్టకూడదు. తర్వాత ట్రన్నియన్‌కున్న చిన్న ప్లగ్ తీసి నిప్పల్ పెట్టి, పై రబ్బరు సీలు దగ్గర నుంచి నూనె చెమర్చేదాకా కొట్టండి.

పాతచక్రం
తర్వాతి వారం, ఆదివారం రాత్రి 8:45

ఆలస్యానికి క్షమించండి, పార్టుల కోసం ఆగాను. వరసగా చెప్తా.

అప్‌రైట్లు, ట్రన్నియన్లు రెండు వైపులా కొత్తవి. ఈపీ 90 నూనె సీలు దగ్గర చెమర్చింది. స్టీరింగ్ చివరిదాకా వెన్నలా తిరుగుతోంది.

180 స్ప్రింగులు వేశాను. దించి, బండిని ముందుకూ వెనక్కూ నాలుగైదు సార్లు దొర్లించి కొలిస్తే గోడ మీద గీతకు 6 మి.మీ. కింద ఉంది! పాత రబ్బరు మెలిక కూడా వదిలింది కదా. రింగు కొంచెం పైకి తిప్పి గీతకు కలిపాను. ఇంకో సంగతి చూశాను: చక్రం పూర్తిగా వేలాడినప్పుడు రింగుకూ కింది విష్‌బోన్‌కూ మధ్య 3 మి.మీ. సందే ఉండేది. ఇప్పుడు రింగు పైకి జరిగింది కాబట్టి 6.5 దాకా వచ్చింది. రబ్బరు బుష్‌ల బోల్టులు బండి నేల మీద ఉండగా, సీట్లో బస్తా పెట్టి బిగించాను.

లైనుదారం అక్కా, మీరు చెప్పినట్టే రాక్ కింద చూశాను. రెండు వైపులా 6 మి.మీ. అల్యూమినియం పలకలు! వాటి మీద ఫైలుతో రుద్దిన గీతలు కూడా ఉన్నాయి, ఎంతో శ్రద్ధగా చేసుకున్నాడాయన. అప్పట్లో రేడియేటర్ కింది గొట్టం రాక్‌కు తగలకుండా పైకి లేపి ఉంటాడు. ఇప్పుడు ఆ గొట్టం దారే వేరు.

స్ప్రింగులు తీసేసి, స్టీరింగ్ మధ్యలో కట్టేసి, హబ్‌కు చదునైన పలక బిగించి కొలిచా. పలకలు ఉండగా చక్రం 50 మి.మీ. లేపితే ముందు అంచు 4 మి.మీ. బయటికి తిరిగింది. పలకలు తీసేసి కొలిస్తే 1 మి.మీ. కంటే తక్కువ.

లైనుదారం
ఆదివారం, రాత్రి 9:30

బాగా చేశారు తమ్ముడూ. రాక్ దిగింది కాబట్టి స్టీరింగ్ రాడ్డు జాయింట్ ఎక్కడా రాసుకోవడం లేదని ఒకసారి చూసుకోండి. టో-ఇన్ (రెండు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండడం) మళ్లీ మొదటి నుంచి సర్దాలి. మొత్తం మీద 1.5 నుంచి 3 మి.మీ. లోపలికి. దారంతో కొలిచేటట్లయితే ఒక్కో ముందు టైరు కింద రెండేసి ప్లాస్టిక్ షీట్లు వేసి మధ్యలో గ్రీజు పూయండి. టైరు నేలను పట్టుకుంటే సస్పెన్షన్ అసలు చోటికి రాదు, కొలత అబద్ధం చెప్తుంది.

పాతచక్రం
సోమవారం, ఉదయం 7:05

2 మి.మీ. లోపలికి పెట్టాను. జాయింట్ ఎక్కడా తగలడం లేదు. తెల్లవారుజామున ఒక్కడినే తీసుకెళ్లాను. ఎప్పుడూ లాగే ఆ గతుకు మీద కావాలనే రెండుసార్లు పోయాను, స్టీరింగ్ వదులుగా పట్టుకుని. దడ్ మని శబ్దం వచ్చింది, బండి నేరుగా పోయింది.

గీత పడిన పాత అప్‌రైట్‌ను కొడవలితో కోసినట్టు రెండు ముక్కలు చేయించాను, ఎవరూ పొరపాటున వాడకుండా. కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టి బానెట్ లోపల అతికించాను.

నాలుగోగేరు
సోమవారం, ఉదయం 8:20

అన్నా, ఆ కాగితం ఫోటో పెడతావా? నేను స్ప్రింగులు ఆర్డర్ ఇవ్వకుండా ఆపేశాను, ఈ ఆదివారం ముందు బండి తూస్తా. షిమ్‌లు ఏ వైపు ఎన్ని ఉన్నాయి?

పాతచక్రం
సోమవారం, ఉదయం 8:32

సాయంత్రం పెడతా తమ్ముడూ. నా బండికి రెండు వైపులా ముందు బ్రాకెట్‌కు రెండు, వెనక దానికి మూడు. నీ బండికి అవే పెట్టకు, ముందు కొలుచుకో. తూచేటప్పుడు నాలుగు చక్రాల కిందా ఒకే మందం చెక్కలు వెయ్యి. ట్రన్నియన్లు మాత్రం ఆదివారం దాకా ఆగకుండా ఇవాళే విప్పి చూడు.